సుంకమ్మ మేడమ్ కృతజ్ఞతాంకం

ఆ రోజు పొద్దున పడమటి నుంచి మబ్బులు వచ్చాయి. మా చేల మీద కాసేపు నిలబడి కిందికి చూశాయి. ఏదో రాసుకోబోతున్నట్టు కొంచెం నల్లబడ్డాయి. తర్వాత తూర్పుకు వెళ్ళిపోయాయి. ఒక్క చినుకు లేదు. తనిఖీకి వచ్చే అధికారులను చాలామందిని చూసినవాణ్ణి కాబట్టి నాకేమీ అనిపించలేదు. వంగి వేరుశనగ చేలో కలుపు తీస్తున్నాను.

మా చేనికీ వ్యవసాయ విశ్వవిద్యాలయానికీ మధ్య ముళ్ళకంచె ఒక్కటే అడ్డం. ఆ కంచె చుట్టూ తిరిగి ఒక జీపు వచ్చి గట్టు దగ్గర ఆగింది. అందులోంచి డాక్టర్ పుష్కరం దిగాడు. ఆయన అక్కడ విస్తరణ విభాగంలో ఆచార్యుడు, కోస్తా మనిషి. చేలో నడుస్తూ కూడా చెప్పులకు మట్టి అంటకుండా చూసుకోవడం ఆయనకు బాగా వచ్చు.

"తిప్పన్న గారంటే తమరేనా?"

"నేనే."

"తమరు పరిసర గ్రామ రైతులేనా?"

నేను చేతిలో ఉన్న కలుపు వైపు చూశాను. ఆయనా చూశాడు.

"రైతులే" అని తనకు తానే చెప్పుకున్నాడు. "ఎక్కువగా మాట్లాడతారా?"

"మాట్లాడను."

"సమావేశాల్లో అభిప్రాయాలు వెలిబుచ్చే అలవాటు?"

"లేదు."

"భేష్. తమరిని కృతజ్ఞతా మరియు ఆత్మీయతా సంవర్ధన మండలిలో సమాజ ప్రతినిధిగా నియమించడమైనది."

నేను నడుం నిలబెట్టాను. "నేనేం చెయ్యాల సార్?"

"ఏమీ చెయ్యనక్కర్లేదు. ఉండాలి. మండలిలో ఒక రైతు ఉండాలని నిబంధన."

ఉండటం నాకు వచ్చిన పనే. సరేనన్నాను.

మొదటి సమావేశం చల్లగాలి యంత్రం పెట్టిన గదిలో జరిగింది. బల్ల చుట్టూ ఉపకులపతి గారు, పుష్కరం, వ్యవసాయ ఆర్థికశాస్త్రం చెప్పే బదరీనాథ్ సార్, నేను. ఉపకులపతి గారు ఈ మధ్య ఏదో మహానగరంలో సదస్సుకు వెళ్ళొచ్చారు. అక్కడ ఒక పెద్దమనిషి తెర మీద బొమ్మలు చూపించి, ఎక్కడ విద్యార్థులకు గురువుల పట్ల కృతజ్ఞత ఉంటుందో, ఎక్కడ గురువులకు విద్యార్థుల పట్ల వాత్సల్యం ఉంటుందో, అక్కడే చదువు వర్ధిల్లుతుందని చెప్పాడట. ఆ మాట నిజమే. మా ఊరి బడిలో అయిదు దాకా చదివిన నాకూ తెలుసు. వాళ్ళు దాన్ని ఏం చేశారన్నదే ఈ కథ.

"మన విశ్వవిద్యాలయంలో ఆచార్యులున్నారు. ప్రయోగశాలలున్నవి. ఎరువులున్నవి. లోపించినదల్లా ఆత్మీయత" అన్నారు ఉపకులపతి. "పంటకోతల్లోగా శ్రేణీకరణ బృందం వస్తున్నది. ఆత్మీయతకు ప్రత్యేకంగా మార్కులున్నవి. అవి వస్తే మనది మొదటి శ్రేణి."

"కృతజ్ఞత మనసులో ఉంటుంది కదా సార్, బృందానికి ఎలా చూపిస్తాం?" అన్నాడు బదరీనాథ్ సార్.

"మనసులో ఉన్నదానికి మార్కులు లేవు. బయటకు తీయించవలెను."

అలా మొదలైంది. తరగతి అయిపోగానే ప్రతి విద్యార్థీ లేచి గురువుగారికి కృతజ్ఞత ప్రకటించాలి. నోటితో చెప్తే ఒక అంకం. చేతులు జోడించి చెప్తే రెండు. కన్నీరు వస్తే అయిదు. ఒక కంటే నీళ్ళొస్తే అందులో సగమా అని బదరీనాథ్ సార్ సందేహం వెలిబుచ్చాడు. కృతజ్ఞతను సగానికి కోయడం సంస్థ సంస్కృతికి విరుద్ధమని ఉపకులపతి గారు తోసిపుచ్చారు. కన్నీళ్ళకు అక్రమ మార్గాలు తొక్కకుండా హాస్టలు వంటగదిలో ఉల్లిగడ్డలను తాళం వేసి ఉంచాలని తీర్మానించారు.

తర్వాత గురువుల వంతు. ప్రతి తరగతిలో కనీసం ఇద్దరు విద్యార్థులను "నాయనా, భోంచేశావా?" అని అడగాలి. అమ్మాయిలనైతే "అమ్మా" అనాలి. ఒక్కరి భుజమన్నా తట్టాలి. భుజం దగ్గర చర్చ ఆగిపోయింది. ఆడపిల్లల భుజం మగ ఆచార్యులు తట్టవచ్చునా? తట్టకపోతే వివక్ష. తడితే కేసు. చాలాసేపు ఆలోచించి, అందరికీ సమానంగా, భుజానికి జానెడు ఎత్తున గాలిని తట్టవలెనని పుష్కరం రాశాడు.

"సమాజం ఏమంటుంది?" అని ఉపకులపతి గారు నా వైపు తిరిగారు.

సమాజం ఏమీ అనలేదు. ఆమోదించినట్టు రాసుకున్నారు.

నన్ను తరగతుల్లో వెనక బెంచీ మీద కూచోబెట్టారు. సమాజం చూస్తుంటే ఆత్మీయత పెరుగుతుందట. మొదటి వారం బాగానే నడిచింది. వరండాల్లో ఆచార్యులు పిల్లల భుజాల మీది గాలిని తడుతూ పోతుంటే, దూరం నుంచి చూసేవాళ్ళకు ఈగలు ఎక్కువైనట్టు కనిపించేది. ఒక తరగతిలో ఒక సార్ పొద్దున్నే ఒక పిల్లవాణ్ణి "నాయనా, భోంచేశావా?" అన్నాడు. వాడు లేచి, "ల్యా సార్, మెస్సులో ఉప్మా మాడిపోయింది" అన్నాడు. సార్ బిత్తరపోయాడు. లేదంటే ఏం చెయ్యాలో నిబంధనల్లో లేదు. జేబులోంచి కాగితం తీసి చదువుకున్నాడు. మడిచి మళ్ళీ జేబులో పెట్టుకుని పక్కవాణ్ణి "నాయనా, భోంచేశావా?" అన్నాడు. మరునాడు పుష్కరం సవరణ పంపించాడు: సదరు ప్రశ్న వాత్సల్య సూచకమే గాని, దానికి జవాబు ఆశించబడదు.

అసలు సంగతి బదరీనాథ్ సార్ తరగతిలో బయటపడింది. ఆయన పాత నోట్సు చూసి చదువుతాడు. ఆ కాగితాలు అంచులు పొడిపొడిగా రాలి బల్ల మీద పడుతుంటాయి. పిల్లలు లేచి మొక్కుబడిగా ఒక్కొక్క అంకం ఇచ్చిపోయేవాళ్ళు. ఒకరోజు ఆయనకు గొంతు పట్టేసి, పాఠం సగంలో ఆపి, "ఇవ్వాళ్టికి ఇంతే" అన్నాడు. తరగతి మొత్తం లేచి చేతులు జోడించింది. వెనక వరసలో ఒకడికి కళ్ళనీళ్ళు కూడా తిరిగాయి.

ఆయన చదివింది ఆర్థికశాస్త్రం. ఊరికే వదలలేదు. మరునాడు ఇంకొంచెం ముందు ఆపి చూశాడు. కృతజ్ఞత పెరిగింది. ఆ మరునాడు హాజరు తీసుకుని ఆపాడు. ఇంకా పెరిగింది. చివరికి ఒకరోజు గుమ్మంలోకి వచ్చి, లోపలికి తలపెట్టి, "ఇవాళ లేదు" అని వెళ్ళిపోయాడు. ఆ రోజు పడినన్ని అంకాలు అంతకుముందు ఎన్నడూ పడలేదు.

ఆయన దీన్ని గీత గీసి మండలిలో చూపించాడు. "బోధన తగ్గేకొద్దీ కృతజ్ఞత పెరుగుతున్నది. బోధన సున్నా వద్ద కృతజ్ఞత గరిష్ఠ స్థాయికి చేరుతున్నది."

ఉపకులపతి గారు లేచి వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకున్నారు. "ఇన్నేళ్ళుగా పాఠమే అడ్డం పడుతున్నదన్నమాట!"

మరునాడు నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు: "యావన్మంది బోధనా సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, ఇకమీదట తరగతి కాలమును ప్రధానముగా కృతజ్ఞతా ప్రకటనమునకు కేటాయించి, సమయము మిగిలినచో పాఠము చెప్పవచ్చును. అయితే పాఠము వలన ఏర్పడిన ఆత్మీయతా నష్టమునకు సంబంధిత ఉపాధ్యాయులే బాధ్యులు."

ఆ కాగితం చదివి కూడా పాఠం చెప్తున్న మనిషి ఒక్కతే కనిపించింది. ఆమె సుంకమ్మ మేడమ్. మృత్తికాశాస్త్రం చెప్తుంది, అంటే మట్టి చదువు. పక్క మండలం మనిషే. ఏళ్ళ తరబడి ఒప్పందం మీద పనిచేస్తోంది. ఏటా ఆ ఒప్పందాన్ని కొత్తగా రాయాలి. రాయకపోతే ఇంటికి పోవాలి.

ఆమె తరగతి గదిలో ఉండదు. పొలంలో మనిషి లోతు గుంత తవ్వించి, తాను అందులో నిలబడి, పిల్లల్ని గట్టు మీద వరసగా కూచోబెడుతుంది. వెనక బెంచీ లేదు కాబట్టి నేను చెట్టు కింద కూచున్నాను.

"చూడండ్రా, పైన ఎర్రమట్టి ఎంత పల్చగ ఉందో. దీని కింద అంతా సుద్దనే. వేరు ఈడికొచ్చి ఆగిపోతాది. ఒరేయ్, ఆ మట్టిని తేలును పట్టుకున్నట్ల పట్టుకుంటావేంరా? పిడికిలి నిండా పట్టు."

"గోళ్ళల్లేకి పోతాది మేడమ్."

"పోనీ. గోళ్ళల్లేనించి తలకాయలేకి పోతాదేమో చూద్దాం."

పిల్లలు నవ్వారు. ఎండ ఎక్కింది. ఆమె గుంతలోంచి పైకి వచ్చి, చీర కుచ్చెళ్ళకు అంటిన మట్టి దులుపుకుని, "పోండి, నీళ్ళు తాగి పోండి. వడదెబ్బ తగిల్తే మీయమ్మలకు నేను జవాబు చెప్పలేను" అంది. పిల్లలు లేచి వెళ్ళిపోయారు. ఒక్కడూ కృతజ్ఞత చెప్పలేదు. భోంచేశావా అని ఆమె ఒక్కరినీ అడగలేదు. నీళ్ళు తాగమనడం ఆజ్ఞ అవుతుంది గాని ప్రశ్న కాదు కనుక వాత్సల్యం కిందికి రాదని పుష్కరం తేల్చాడు.

రోజూ ఇంతే. మిగతావాళ్ళ అంకాలు వేలల్లోకి వెళ్ళాయి. సుంకమ్మ మేడమ్‌ది సున్నా దగ్గరే ఉండిపోయింది.

ఉపకులపతి గారికి కోపం వచ్చింది. "ఒక్క సున్నా మొత్తం సగటును కిందికి లాగుతున్నది. ప్రేమరహిత ఉపాధ్యాయులను ఉపేక్షించేది లేదు. బృందం ఎదుటనే ఆమెను విధుల నుండి తప్పించెదము. మన నిష్ఠ వారికి తెలియవలెను."

ఆ కాగితం కూడా నోటీసు బోర్డుకెక్కింది. బృందం వచ్చే రోజున కృతజ్ఞతా మహోత్సవం. ఆలోగా అంకం పెరగకపోతే సుంకమ్మ మేడమ్‌కు అదే ఆఖరి రోజు.

ఆ సాయంత్రం ఇద్దరు విద్యార్థులు మా చేని గట్టు మీదికి వచ్చారు. ఒకడు పెన్నోబులేసు, కదిరి తట్టు పిల్లవాడు. రెండోది మాబున్ని. వాడు తల వంచుకుని నిలబడ్డాడు. ఆ పిల్లే మాట్లాడింది.

"తిప్పన్న మామా, నువ్వు మండలిలో ఉండావంట కదా. మేడమ్‌ను తీసేస్తారంట, నిజమేనా?"

"నిజమే."

"నువ్వేమీ చెప్పల్యా?"

"నన్ను చెప్పనని తీసుకున్నారు."

ఆ పిల్ల నన్ను చూసిన చూపు ఇంకొకరైతే తట్టుకోలేరు. "ఆయమ్మ పోతే వీడు కూడా పోతాడు మామా. పోయినేడు వీళ్ళ నాయన చదువు మానిపించి బోరుబండి మీదికి పంపించినాడు. మేడమ్ బస్సెక్కి, బండి ఎక్కడ బోరు ఏస్తాందో కనుక్కోని, ఆ బురదలోకి పోయి వీణ్ణి జబ్బ పట్టుకోని తీసుకొచ్చింది. దోవంతా తిట్టుకుంటానే వచ్చింది."

"బస్సులో అందరూ ఇన్యారు" అన్నాడు పెన్నోబులేసు, సిగ్గుపడుతూ.

"మరి ఆమెకు ఆ ఒక్క మాట చెప్తే ఏమప్పా?" అన్నాను.

వాడు నన్ను తిక్కమనిషిని చూసినట్టు చూశాడు. "సుంకమ్మ మేడమ్‌కా? కృతజ్ఞతలనా? యెట్ల చెప్తాము మామా? పరాయోళ్ళకు చెప్పినట్లుండదా?"

వాడి మాట నాకు అర్థమైంది. మా వైపు ఇంట్లోవాళ్ళకు, ఇరుగుపొరుగుకు ఆ మాట చెప్పే వాడుక లేదు. పక్కవాడు ఎద్దులు కట్టుకుని వచ్చి మన చేను దున్నిపెడితే, మరునాడు మనం పార పట్టుకుని వాళ్ళ చేనికి పోతాం. మధ్యలో మాటలుండవు. పడిపోయిన సంచి తెచ్చిచ్చిన కండక్టరుకు చెప్తాం. సంతకం పెట్టిన అధికారికి చెప్తాం. మళ్ళీ ఎప్పుడూ కలవబోమని తెలిసినవాళ్ళకు, విడిపోయేటప్పుడు చెప్తాం. బదరీనాథ్ సార్‌కు పిల్లలు అంత ధారాళంగా ఎలా చెప్పగలుగుతున్నారో నాకు అప్పుడు తెలిసింది.

"ఎట్లయినా చెప్పాల్సిందే" అంది మాబున్ని. "సిగ్గుపడితే మేడమ్ పోతాది. రేపు నువ్వే మొదట చెప్పు. మేమందరం నీ ఎనక చెప్తాం."

"నేనా? నువ్వు చెప్పు."

"నన్నేం బోరుబండి మీదనుంచి దించినారా?"

వాడు ఆ సాయంత్రమంతా మా బావి దగ్గర నిలబడి అభ్యాసం చేశాడు. పుష్కరం అచ్చు వేయించిన నమూనా వాక్యం చేతిలో ఉంది. వాడు చదువుతుంటే మా ఎద్దు కూడా మేత ఆపి చూసింది.

మరునాడు పొలంలో పాఠం అయిపోయింది. పుష్కరం అంకాలు లెక్కపెట్టే చిన్న యంత్రం చేత్తో పట్టుకుని చెట్టు కింద నా పక్కన సిద్ధంగా ఉన్నాడు. పెన్నోబులేసు లేచి ముందుకొచ్చాడు. చేతులు జోడించాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"మేడమ్, మీరు మా పట్ల చూపిన అపారమైన ఆదరణకు, చేసిన అమూల్యమైన సేవకు, నా హృదయపూర్వక కృతజ్ఞతలు తెలియజేసుకుంటున్నాను."

సుంకమ్మ మేడమ్ గుంతలోంచి వాణ్ణే చూస్తూ ఉండిపోయింది. ముఖంలో రక్తం లేదు. గబగబా గట్టెక్కి వచ్చింది.

"మళ్ళా మానేస్తాండావా?"

"ల్యా మేడమ్…"

"నాకు చెప్పొద్దు! మీ నాయన మళ్ళా వచ్చినాడా? యాడికి పంపిస్తాండాడు ఈసారి? ఏ బండి?"

"బండి ల్యా మేడమ్, కృతజ్ఞతలు…"

"పోతాండకపోతే ఆ మాటలెందుకు చెప్తావురా నాకు? సచ్చిపోయేవాళ్ళకు చెప్పినట్ల!" జబ్బ పట్టుకుంది. రెండో చేత్తో ఫోను తీసింది. "ఏమప్పా ఓబులేసు నాయనా! నీకు సిగ్గుందా? ఇంకొక్క ఏడాది ఉంది పిల్లోనికి. నువ్వు వాన్ని బండెక్కించినావంటే నేనొచ్చి నీ ఇంటి ముందర కూచుంటా, చెప్తాండా… ఏంది? ఏమీ తెలీదా? తెలీకుండా వాడెట్ల చేతులు జోడిస్తాడు?"

వెనక చేతులు జోడించబోయిన పిల్లలందరూ చేతులు దించి లాగులకు తుడుచుకున్నారు.

"నువ్వు ఈ పొద్దు హాస్టలుకు పోయేది లేదు. ల్యాబులో నా ముందర కూచో. మట్టి పరీక్ష అంతా మొదట్నించి మళ్ళా చెయ్" అని వాణ్ణి జబ్బ పట్టుకునే తీసుకుపోయింది. పోతూ పోతూ వాడు వెనక్కి తిరిగి మావైపు చూశాడు. వాడి మొహం చాలా సంతోషంగా ఉంది.

పుష్కరం నిబంధనలు తిరగేశాడు. "ప్రకటించిన కృతజ్ఞతను గ్రహీత తిరస్కరించినారు. పైపెచ్చు కృతజ్ఞుని శిక్షించినారు" అంటూ యంత్రం నొక్కాడు. సున్నా చెరిగిపోయి అక్కడ ఒక గీత, దాని పక్కన రెండు వచ్చాయి. సున్నాకు కింద కూడా చోటుందని ఆ రోజే తెలిసింది.

మహోత్సవం రోజున సభామందిరమంతా పూలు కట్టారు. విశ్వవిద్యాలయం పొలాన్ని చదును చేసి అతిథుల కార్లు నిలిపారు. సుంకమ్మ మేడమ్‌కు గుంత తవ్వడానికి చోటు లేకపోయింది. ముందురోజు మా ఇంటికి వచ్చి, "తిప్పన్నా, నీ చేని మూల బీడుగ ఉంది కదా, ఆడ తవ్వుకుంటాం" అంది. తవ్వుకోండి అన్నాను. ఆమె పిల్లలు తెల్లారి నుంచీ అక్కడే తవ్వుతున్నారు. వాళ్ళను మందిరానికి రావద్దన్నారు. తక్కువ అంకాలవాళ్ళు ఫోటోల్లో కనిపిస్తే సగటు దెబ్బతింటుందట.

నన్ను మాత్రం వేదిక మీద కూచోబెట్టి మెడలో కండువా వేశారు. శ్రేణీకరణ బృందంలో ముగ్గురు పెద్దమనుషులు. పెద్ద తెర మీద ఆచార్యుల పేర్లు, వేదిక మీద మాటలను బట్టి వాటంతటవే మారే అంకాలు. అన్నిటికంటే పైన బదరీనాథ్ సార్. ఆయన నెల రోజులుగా పాఠం చెప్పలేదు. విద్యార్థులు వరసగా వచ్చి ఆయన ఎదుట ఏడ్చిపోయారు. ఒకమ్మాయి ఏడుస్తూ ఏడుస్తూ పొరపాటున పుష్కరం ముందు నిలబడింది. ఆయన ఆమెను భుజం మీది గాలి తట్టి సరైన వరసలోకి పంపాడు. బృందం తలలూపుతూ రాసుకుంది.

అప్పుడు ఉపకులపతి గారు మైకు ముందుకొచ్చారు. "వాత్సల్యంలో రాజీ లేదు" అని మొదలుపెట్టి, సుంకమ్మ మేడమ్‌ను పిలిచారు. ఆమె పొలంలోంచి నేరుగా వచ్చినట్టుంది. మోచేతుల దాకా మట్టి. ఏం జరగబోతోందో ఆమెకు తెలుసు. చేతులు కనపడకుండా కొంగులో చుట్టుకుని నిలబడింది.

"డాక్టర్ సుంకమ్మ గారిని తక్షణమే విధుల నుండి తప్పించడమైనది" అని ఉపకులపతి గారు ఉత్తర్వు చదివారు. కిందికి చూసి ఇంకొక వాక్యం ఉందని గమనించారు. మండలి ఏర్పడ్డాక ఏ ఉత్తర్వూ కృతజ్ఞత లేకుండా ముగియకూడదని పుష్కరం అన్ని నమూనాల చివరా ఒకే వాక్యం అచ్చు వేయించాడు. ఆయన అదీ చదివేశారు. "ఇంతకాలము వారందించిన సేవలకు విశ్వవిద్యాలయము తరఫున నా హృదయపూర్వక కృతజ్ఞతలు."

తెర ఒక్కసారి మెరిసింది. అట్టడుగున ఉన్న సుంకమ్మ మేడమ్ పేరు పేర్లన్నిటినీ దాటుకుంటూ పైకి పోయి, బదరీనాథ్ సార్ నెత్తిన కూచుంది.

"ఇదేమిటి?" అన్నారు ఉపకులపతి మైకు మీద చెయ్యి పెట్టి.

పుష్కరం వంగి చెవిలో చెప్పాడు. వేదిక మీద వాళ్ళకు వినిపించింది. "తమ కృతజ్ఞత విద్యార్థి కృతజ్ఞతతో సమానం కారాదని ఈ ఉదయమే తమరు చెప్పారు సార్. అందుకని తమ ప్రతి మాటకు పది వేలు పెట్టించాను."

"ఇప్పుడు?"

"ప్రథమ స్థానంలో ఉన్నవారిని తప్పించే అధికారం మనకు లేదు సార్. వారి ఒప్పందం వెంటనే పునరుద్ధరించాలి."

"అయితే ఉత్తర్వు ఉపసంహరించు!"

"ఉత్తర్వు ఉపసంహరిస్తే అందులోని కృతజ్ఞత కూడా పోతుంది సార్."

ఉపసంహరించారు. తెర మెరిసింది. సుంకమ్మ మేడమ్ పేరు అట్టడుక్కి పడింది. అట్టడుగున ఉన్నవారిని తప్పించాలి కనుక ఉపకులపతి గారు ఉత్తర్వు మళ్ళీ చదివారు. ఈసారి ఆఖరి వాక్యం వదిలేయబోయారు. కృతజ్ఞత లేని ఉత్తర్వు చెల్లదని పుష్కరం గుర్తుచేశాడు. చదివారు. పేరు పైకి పోయింది. ఉపసంహరించారు. కిందికొచ్చింది. సభలో పిల్లలు మెడలు పైకీ కిందికీ ఆడిస్తూ చూస్తున్నారు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఉపకులపతి గారికి చెమటలు పట్టాయి.

బృందం నాయకుడు లేచాడు. ఆయన కళ్ళు చెమర్చాయి. "ఒక ఉపకులపతి ఒక చిన్న ఒప్పంద ఉపాధ్యాయినికి ఇన్నిసార్లు, ఇంత వేదన పడుతూ, బహిరంగంగా కృతజ్ఞతలు చెప్పడం మా అనుభవంలో చూడలేదు. ఇదీ ఆత్మీయత అంటే! మొదటి శ్రేణి ఇక్కడే ప్రకటిస్తున్నాను."

చప్పట్లు మోగాయి. అందరూ లేచి నిలబడ్డారు. ఉపకులపతి గారు ఉత్తర్వు చేతిలో పట్టుకుని, పేరు పైన ఉందో కింద ఉందో చూసుకోకుండానే నవ్వారు. ఆ సమయంలో పైనే ఉంది.

సుంకమ్మ మేడమ్ మైకు దగ్గరికి వచ్చింది. "సార్, తీసేసినట్లా, ఉన్నట్లా? తొందరగా తేల్చండి. ఆడ గుంత తవ్వి పెట్టినారు పిల్లోళ్ళు. ఎండకు మట్టి ఎండిపోతే ఏమీ కనపడదు."

బృందం నాయకుడు ఉపకులపతి వైపు ఆప్యాయంగా చూశాడు. ఆ చూపు ముందు ఇంక చేసేదేముంది? "ఉన్నట్లే" అన్నారు ఉపకులపతి. పుష్కరం ఒప్పందం మీద ముద్ర కొట్టాడు. ఆమె కొంగులోంచి చేతులు తీసింది. మెట్లు దిగి చేని దోవ పట్టింది. వేదిక మీద సమాజం అవసరం తీరింది కాబట్టి నేనూ కండువా తీసి కుర్చీ మీద పెట్టి ఆమె వెనక వెళ్ళాను.

మా చేని మూలకు చేరేసరికి పిల్లలు గుంత గట్టున నిలబడి ఎదురుచూస్తున్నారు. మాబున్ని ఆమె ముఖం చూసింది. పెన్నోబులేసు చేతిలో పార ఉంది.

"ఏంరా నిలబడినారు? దిగండి. సుద్ద ఎంత లోతున తగిలిందో కొలిచినారా?" అంది ఆమె.

వాళ్ళు గబగబా గుంతలోకి దిగారు. పెన్నోబులేసు దిగలేదు. మట్టి తోడే వంకతో అటు తిరిగి చాలాసేపు నిలబడ్డాడు.

ఎండ నడినెత్తికి వచ్చాక మా ఇంటామె నరసక్క గంప ఎత్తుకుని వచ్చింది. మా చేలో ఇంతమంది పిల్లలు పని చేస్తుంటే మేము మాత్రమే ఎలా తింటామని పొద్దున్నే పెద్ద కుండతో సంగటి కెలికింది. అందరూ గట్టు మీద వరసగా కూచున్నారు. మేడమ్ పిల్లల మధ్య కూచుంది. చేతులు ఎంత కడిగినా గోళ్ళలో ఎర్రమట్టి పోలేదు.

నరసక్క ఆకుల్లో సంగటి ముద్దలు పెట్టి, మధ్యలో గుంట చేసి ఊరుబిండి పచ్చడి వేసుకుంటూ పోతోంది. అప్పుడు పుష్కరం కంచె దాటి వచ్చాడు. మహోత్సవం తీర్మానం మీద నా సంతకం కావాలట. ఆయన చెప్పులు ఈసారి మట్టిలో కూరుకుపోయాయి, ఆయన చూసుకోలేదు. ముఖం వాడిపోయి ఉంది. మందిరంలో విందు ఉందట గాని, వడ్డించే ముందు వంటవాళ్ళకు, గిన్నెలు తోమినవాళ్ళకు, ఆకులు కోసినవాళ్ళకు వరసగా కృతజ్ఞతలు చెప్తున్నారట. అవి ఎప్పటికి ముగుస్తాయో ఎవరికీ తెలియదట.

సుంకమ్మ మేడమ్ ఆయన్ని ఒకసారి చూసింది. కొంచెం పక్కకు జరిగింది. ఆయన కాసేపు ఆలోచించి ఆ చోట్లో కూచున్నాడు. నరసక్క ఆయన ముందు ఆకు పరిచి ముద్ద పెట్టింది. ఆయన ఆకును చూశాడు, ఆమెను చూశాడు. అలవాటు ప్రకారం రెండు చేతులూ దగ్గరికి తెచ్చి నోరు తెరిచాడు.

ఇంకొకటి అడుగుతున్నాడనుకుని నరసక్క రెండో ముద్ద వేసింది.

ఆయన చేతులు దించాడు. ముద్ద తుంచాడు. ఊరుబిండిలో అద్దుకున్నాడు. ఆ తర్వాత ఆ గట్టు మీద ఎవరూ ఏమీ అనలేదు. మజ్జిగ చెంబు ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోతూ ఉంది. అందరం తిన్నాం.